నేను తగ్గించిన మార్కులు

తెలంగాణ ఉద్యమం రోజుల్లో మాతో పనిచేసినవాళ్లు ఇప్పటికీ ఎక్కడైనా కలిస్తే, ఆమెకు రావలసిన ఉద్యోగం బంద్‌ల వల్ల పోయిందనే అంటారు. నేనూ చాలా ఏళ్లు తలూపాను. అది నిజం కాదు.

ఆమెది గోపన్‌పల్లి. హైటెక్ సిటీలోని మా ఆఫీసు రిసెప్షన్‌లో కాంట్రాక్టు మీద పనిచేసేది. దూరవిద్యలో చదువుతున్న డిగ్రీలో స్టాటిస్టిక్స్ పేపరు ఒక్కటే మిగిలింది. ఆ ఏడాది సర్టిఫికెట్ తెస్తే డాక్యుమెంటేషన్ టీములో పర్మనెంటు చేస్తామని మేనేజరు మాటిచ్చాడు.

నేను కడప నుంచి వచ్చి మణికొండలో ముగ్గురితో కలిసి ఫ్లాట్‌లో ఉండేవాణ్ణి. నాకు లెక్కలు బాగా వచ్చని ఎవరో చెబితే ఆమె వచ్చి అడిగింది. రోజూ భోజనాల వేళ క్యాంటీన్‌లో గోడ పక్క టేబుల్ దగ్గర కూర్చునేవాళ్లం. నేను మాదిరి ప్రశ్నపత్రం తయారుచేసి తెచ్చేవాణ్ణి. ఆమె టిఫిన్ డబ్బా పక్కకు జరిపి రాసేది. తప్పు చేశానని తనకే తెలిస్తే నేను చూడకముందే అరచేత్తో మూసేసేది. ఆ చెయ్యి తీసేదాకా నేను ఆగేవాణ్ణి. తొందరేమీ ఉండేది కాదు నాకు.

బంద్ పిలుపు వచ్చినప్పుడల్లా పరీక్ష వాయిదా పడేది, ఫీజు గడువూ పెరిగేది. ఫ్లాట్‌లో మిగతావాళ్లు టీవీ ముందు కూర్చుని విసుక్కునేవారు. ఉద్యమానికి వ్యతిరేకంగా వాళ్లకంటే గట్టిగా వాదించే నేను మాత్రం, తెర అడుగున పాకే అక్షరాల్లో వాయిదా అన్న మాట కోసం వెతికేవాణ్ణి.

“ఏంది సార్, పరీక్ష ఆగితె మీ మొకం గింత వెలుగుతున్నది?” అంది ఒకసారి.

“మీకు ఇంకొంచెం టైము దొరికిందని, మేడమ్.”

“నాకు టైము వద్దు సార్, తేదీ కావాలె. రాష్ట్రం ముందొస్తదా, నీ డిగ్రీ ముందొస్తదా అని మా ఇంట్ల ఒకటే నవ్వుడు.”

చివరికి తేదీ ఖాయమైంది. ఆ వారం ఆమెకు అసలు పాత ప్రశ్నపత్రం ఇచ్చాను. దిద్దితే యాభై ఎనిమిది వచ్చాయి. పాసవడానికి ముప్పై ఐదు చాలు. ఆ కాగితం చూపించలేదు. ఇంకా దిద్దలేదన్నాను. మర్నాడు నా ఇంజనీరింగ్ పుస్తకంలోంచి, ఆమె సిలబస్‌లో లేని లెక్కలతో ఇంకో పేపరు పెట్టాను. అవి కూడా సగం దాకా చేసింది. సగం చేసినవాటికి మార్కులు వేయలేదు. ఇరవై ఆరు అని రాసి చుట్టూ సున్నా చుట్టాను.

ఆమె ఆ కాగితం తన వైపు తిప్పుకుంది.

“నిజం చెప్పుండ్రి సార్. ఫీజు కట్టాల్నా, వద్దా? రేపే ఆఖరు.”

“ఈసారి వద్దు మేడమ్. ఇంకో ఆరు నెలలు ప్రాక్టీసు చేస్తే మంచి మార్కులొస్తాయి.”

“మరి ఆ ఉద్యోగం?”

“ఆగుతుందిలెండి. మేనేజరుతో నేను మాట్లాడతాను.”

మాట్లాడలేదు. పరీక్ష జరిగిన రోజు బంద్ లేదు, బస్సులు మామూలుగానే తిరిగాయి. రెండు నెలలకు ఆ సీటులోకి వేరే ఎవరో వచ్చారు. ఎందుకు రాయలేదని అందరూ అడిగితే, బంద్‌లల్ల చదువు సాగలేదని ఆమే చెప్పింది. నా మాట ఎక్కడా ఎత్తలేదు. మరికొన్నాళ్లకు కాంట్రాక్టు ముగిసి వెళ్లిపోయింది. నేను కోరుకున్న ఆరు నెలల్లో నాకు దక్కినవి ఆ రెండు మూడు నెలలే.

మరుసటి ఏడాది ఫోన్ చేసింది.

“సార్, పాసైన! పేపర్ మస్తు అల్కగ వచ్చింది. మీరు పెట్టినయే కష్టం.”

“సంతోషం మేడమ్. ఇప్పుడెక్కడ చేస్తున్నారు?”

“జీడిమెట్లల, మందుల కంపెనీల. ఈడ గూడ రిసెప్షనే సార్. డిగ్రీ ఉన్నోళ్లు మస్తుమంది ఉన్నరంట.”

చెప్పవలసింది అప్పుడే. ఆ యాభై ఎనిమిది సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె నాకు థాంక్స్ చెబుతోంది. నేను వింటూ, ఇంకేదైనా పరీక్ష రాస్తానంటుందేమో, పేపర్లు పెట్టమంటుందేమో అని, ఆమె ఫోన్ పెట్టేసేదాకా ఎదురుచూశాను.