నీటికుక్కల మస్టర్

ఆ రోజుల్లో మా బొగ్గుబాయిల దిక్కున మనిషి మంచివాడా కాదా అని ఎవరూ అడిగేవారు కాదు, ఏడాదిలో ఎన్ని మస్టర్లు పడ్డాయని అడిగేవారు. మస్టర్ అంటే హాజరు. బాయిలో కొత్తగా చేరినవాడు ముందు బదిలీ కార్మికుడు, లెక్క ప్రకారం మస్టర్లు నింపితేనే పర్మనెంట్. పిల్లనిచ్చేవాళ్ళు సైతం మస్టర్లు చూశాకే జాతకం చూసేవారు. అటువంటి గోదావరిఖనిలో పుట్టి, జంతుశాస్త్రం చదివి, నదులనూ అడవులనూ కాపాడతామనే ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో చేరాను నేను. ("జీతం ఇస్తరా?" అని అడిగింది మా అవ్వ. "గౌరవ వేతనం" అన్నాను. "అంటే ఇయ్యరన్నట్టు" అని కూర కలపడానికి వెళ్ళిపోయింది.)

నాకు అప్పగించిన మొదటి పని నీటికుక్కలు. మా ఊరు దాటాక ఒక వాగు గోదావరిలో కలిసే చోట నది వంపు తిరుగుతుంది. ఆ ఒడ్డు బొరియల్లో ఈ జంతువులు కాపురముంటాయి, నున్నటి ఒళ్ళు, పొట్టి కాళ్ళు, పొద్దస్తమానం చేపల మీదే ధ్యాస. ఆ వంపులో ఇసుక తవ్వుకుంటానని ఒక కాంట్రాక్టరు అర్జీ పెట్టాడు. ఇసుక పోతే ఒడ్డు కూలుతుంది, ఒడ్డుతో పాటు బొరియలూ పోతాయి. అర్జీ మీద ఊరివాళ్ళ మాట వినడానికి అధికారి సభ పెడతాడు. ఆలోగా నీటికుక్కలు అక్కడ నిజంగా ఉన్నాయని నేను రుజువు చెయ్యాలి. ఇంకేముంది, మెడలో బైనాక్యులర్ వేసుకుని, చున్నీ నడుముకు బిగించి వెళ్ళాను. వారం రోజులు ఒక్కటీ కనిపించలేదు.

కనిపించింది అందరూ 'హాజరు కాక' అని పిలిచే పెద్దాయన. మా క్వార్టర్ల లైనులోనే ఉండేవాడు, బాయిలో మస్టర్ రాసే గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. రిటైరైనా మొదటి షిఫ్టు సైరన్‌కు నిద్రలేచే అలవాటు పోక, రోజూ ఆ వంపు దాకా నడిచి వచ్చేవాడు. "నువ్వు తొమ్మిదింటికి వస్తే గవి ఎట్ల కనవడ్తయి బిడ్డా? గప్పటికి వాటి షిఫ్టు దిగిపోయి ఉంటది" అన్నాడు. మర్నాడు చీకట్లు విడిచే వేళకు వెళ్ళాను. మూడు తలలు నీళ్ళలో తేలాయి. నేను బైనాక్యులర్ కోసం తడుముకున్నాను. కాక తాపీగా సంచిలోంచి పాత రిజిస్టరు తీసి గీతలు పెట్టుకున్నాడు.

ఆ రిజిస్టరు చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కుంటిది, తెల్లమెడది, పెద్దమ్మ అని మూడు పేర్లు. వాటి ఎదురుగా తేదీలవారీగా హాజరు, రానినాడు నాగా. వరదలప్పుడు "సిక్కు", అంటే జబ్బు సెలవు. ఆదివారాలు కనిపిస్తే ఎర్రసిరాతో "ప్లేడే" (ఆదివారం చేసే డ్యూటీని మావాళ్ళు అట్లా అంటారు). ఏడాది పైన రాసిన హాజరు! "ఎందుకు కాకా ఇదంతా?" అన్నాను. "ఏమో బిడ్డా, చెయ్యి ఊకుంటలేదు. అది గాదు గని, చలికాలంల గింత పొద్దుగాల నీళ్ళల్ల ఉంటయి గదా, వీటికి సర్ది గాదా?" అని నన్నే అడిగాడు. నాకు తెలియదు. చూసి చెప్తానని ఇంటికొచ్చి పుస్తకాలన్నీ తిరగేశాను. ఒంటి మీద రెండు పొరల బొచ్చు, లోపలి పొర తడవదట. చెప్పగానే, "లోపల స్వెటరన్నట్టు" అని సంతోషపడ్డాడు.

ఇక సభ. నేను నెట్ సెంటర్లో కూర్చుని, రంగుల బొమ్మతో శాస్త్రీయంగా నివేదిక తయారు చేశాను. కాకతో మాత్రం, "నీ రిజిస్టర్ తేకు, నవ్వుతరు" అన్నాను. ఆ మాటకు ఇప్పటికీ సిగ్గుపడతాను. సభలో అధికారి నా నివేదిక తిరగేస్తుండగా కాంట్రాక్టరు లేచి, "సార్, ఈ మేడం పెట్టిన ఫోటోల జంతువు సముద్రంల ఎల్లెలుకల పండుకుని ఉన్నది. మన గోదావరిఖనికి సముద్రం ఎప్పుడొచ్చింది?" అన్నాడు. నిజమే. ఎక్కడో చల్లటి సముద్రంలో ఉండే జాతి బొమ్మ దించుకొచ్చాను. సభంతా గొల్లున నవ్వింది. వంపు పోయిందనుకున్నాను.

వెనకనుంచి హాజరు కాక లేచాడు, చంకలో రిజిస్టరు. "సారూ, బాయిల ఒకడు బదిలీల చేరి, మస్టర్లు నింపితే పర్మనెంట్ చేస్తరు. చేసినంక వాన్ని ఉన్న జాగల నుంచి ఊకె తీసెయ్యరాదు. ఇగో, ముగ్గురి మస్టర్లు. బదిలీ ఎప్పుడో దాటింది" అని బల్లమీద పెట్టాడు.

అధికారి పేజీలు తిప్పుతూ, "రోజూ వచ్చేది అవే అని ఎలా చెప్తావయ్యా?" అని అడిగాడు.

"బాయిల నుంచి ఎక్కొచ్చినోల్ల మొకాలన్ని నల్లగనే ఉంటయి సారూ. నడక చూసే గద మస్టర్ వేసింది."

ముందు వరుసలోని కార్మికులు బల్లలు చరిచారు. అధికారి నవ్వలేదు. "రేపు పొద్దున నేనే వస్తాను" అన్నాడు, వచ్చాడు. కుంటిదీ పెద్దమ్మా డ్యూటీలో ఉన్నాయి, తెల్లమెడది నాగా. కొన్నాళ్ళకు ఆ వంపును వదిలేసి, ఇసుక దిగువన ఎక్కడైనా చూసుకోమని ఉత్తర్వు వచ్చింది.

ఉత్తర్వు చదివి వినిపించడానికి కాక ఇంటికి పరుగెత్తాను. విని, రిజిస్టరు నా చేతిలో పెట్టి, "ఇగ నువ్వే రాయి" అన్నాడు. చివరి పేజీ తిప్పితే అక్కడ నా పేరుంది. నేను వంపు దగ్గరికి వచ్చిన రోజులన్నీ రాసిపెట్టాడు. వాన పడితే నాగా, పండగొస్తే నాగా, ఊరికే నిద్ర లేవని రోజులు లెక్కే లేదు. నీటికుక్కల వైపు నిలబడి పోరాడానని ఊరంతా చెప్పుకుంటున్న నాకు కుంటిదాని కంటే మస్టర్లు తక్కువ పడ్డాయి.

"ఫికర్ చెయ్యకు బిడ్డా," అన్నాడు కాక, "బదిలీలనే ఉన్నవు గద, ఇంకా టైమున్నది."

ఇప్పుడు సంస్థలో నేను పెద్ద మేడమ్‌ని, ఉద్యోగం పర్మనెంటే. అయినా చలికాలం పొద్దున దుప్పటి వదలబుద్ధి కానప్పుడు, కాక లేకపోయినా, నాగా పడుతుందని భయమేసి లేస్తాను.