రెండు సంగుల నడుమ

1953 జూన్‌లో మద్రాసు రాయపురంలోని ఒక బడిలో టీచరుగా చేరాను. ఇల్లు వ్యాసర్పాడిలో. బడి గంట ఏడున్నరకు. నేను మాత్రం ఏడు కాకముందే వెళ్లి రిజిస్టరులో మొదటి సంతకం చేసేదాన్ని. అందుకోసం సరిగ్గా ఆరు గంటలకు రిక్షా మా వాకిట్లో ఉండాలి.

రిక్షా లాగే అతను మా వీధి చివర గుడిసెలో ఉండేవాడు. మొదటి వారంలోనే ఒకరోజు పదిహేడు నిమిషాలు ఆలస్యం చేశాడు. "ఇతరుల సమయమంటే లెక్కలేని మనిషి నాకొద్దు" అని వీధంతా వినేలా అన్నాను. మర్నాటి నుంచి నేను తలుపు తీసేసరికే ఉండేవాడు. అతన్ని దారిలో పెట్టింది నేనేనని తోటి టీచర్లకు చెప్పుకున్నాను కూడా.

మార్చిలో నా చేతిగడియారం రిపేరుకిచ్చాను. టైము తెలియదన్న కంగారులో, రైల్వే యార్డు సంగు ఊదగానే లేచాను. అక్కడ సైరన్‌ను సంగు అనేవారు. కాసేపటికి ముగ్గు వేద్దామని తలుపు తీశాను. ఇంకా తెల్లవారలేదు. రిక్షా పక్కన అతను గొంతుకూర్చుని ఉన్నాడు.

"ఆరైపోయిందా?"

"లేదమ్మా. ఇప్పుడే గదా అయిదు సంగు ఊదింది."

"మరి ఇప్పుడే ఎందుకొచ్చావు?"

"దినామూ ఇప్పుడే గదమ్మా వచ్చేది. గడియారం మీకుండాది. మాకు సంగే. అయిదుకొకటి, ఆరున్నరకొకటి. రెండోదానికొస్తే తిడతారు. మొదటిదానికొస్తే ఎవురూ తిట్టరు."

ఎదురింటావిడ బిందెతో పోతూ ఆగింది.

"ఏం టీచరమ్మా, ఇన్నాళ్లకు చూసినారా? కుళాయి వచ్చేది అయిదు నుంచి ఆరు దాకా. ఈయప్ప ఈడ మీ వాకిలి కాస్తా ఉంటే, ఆ పిల్ల నిండు కడుపుతో ఆడ నీళ్లు మోస్తా ఉండాది!"

వీధి చివరకు చూశాను. అతని భార్య ఒక చేత్తో నడుం మీది బిందెను, ఇంకో చేత్తో గోడను పట్టుకుని వస్తోంది.

"నిన్న కుళాయి కాడ జారింది. ఏం కాలేదులేమ్మా" అన్నాడతను, నన్ను ఓదారుస్తున్నట్టు.

ముగ్గు గిన్నె కింద పెట్టి లెక్క వేశాను. సెలవులు తీసేస్తే నూట ఎనభై ఏడు రోజులు. రోజుకొక గంట. ఏడు పగళ్లూ ఏడు రాత్రుళ్లూ, పైన పంతొమ్మిది గంటలు. పదిహేడు నిమిషాలకు నేను రాబట్టుకున్నది అంత. ఏడుకు ముందే రమ్మని బడిలో నన్నెవరూ అడగలేదు.

"ఇప్పుడు ఇంటికి పో. రేపటి నుంచి రెండో సంగుకు రా."

"మళ్లా లేటంటారేమో?"

"అనను."

మర్నాడు అలవాటు కొద్దీ ముందే తయారై గడప మీద కూర్చున్నాను. చేతికి గడియారం లేదు. ఎంతసేపైందో, ఇంకెంతసేపుందో తెలియలేదు. రెండుసార్లు లేచి వీధి చూసి మళ్లీ కూర్చున్నాను. సంగు ఊదాక అతను వచ్చాడు. పంచె మోకాళ్లదాకా తడిసి ఉంది.

ఆ రోజు రిజిస్టరులో నాది నాలుగో సంతకం.