ఉడికించిన బొప్పాయికాయ

నందిగామలో ఇంటర్ పిల్లలకు బోటనీ చెప్పే లక్ష్మీకాంత్ మాస్టారి నోట్సులో పన్నెండేళ్లుగా కామా కూడా మారలేదు. అట్టలూడిన ఆ పుస్తకాన్ని పూజగదిలో పెట్టకపోవడం ఒక్కటే తక్కువ. పిల్లలు రాసుకునేవారు, బట్టీ పట్టేవారు, మార్కులు తెచ్చుకునేవారు. అర్థమైందా అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

1998లో ఆయన పనిచేసే కాలేజీలో ప్రిన్సిపాల్ కుర్చీ ఖాళీ అయింది. ఆ కుర్చీ మీద ఆయనకు ప్రాణం. కరస్పాండెంట్ భవానీప్రసాద్ గారు మాంసప్రియులు కాబట్టి, ఆదివారం భోజనానికి పిలిచి పెనుగంచిప్రోలు నుంచి మేకమాంసం తెప్పించాడు. తీరా చూస్తే ముదురు మేకపోతు.

వంటకు వచ్చిన ఆదెమ్మ పచ్చి బొప్పాయికాయ చెక్కు తీయడం చూసి మాస్టారికి ఉత్సాహం పొంగుకొచ్చింది.

"ఇందులో ఎంజైముంటుంది ఆదెమ్మా. తాళంలో తాళంచెవిలా మాంసం పీచుకి సరిగ్గా అమరి, దాన్ని తెంపేస్తుంది. తాను మాత్రం అరగదు, తరగదు. ఒకటి తెంపి ఇంకోదాని మీదికి పోతుంది."

"అయ్యన్నీ నాకు తెలవదండి. నూరి పట్టించి రెండు గంటలుంచితే మెత్తబడుద్ది."

"పచ్చిదే? క్రిములుండవూ! కరస్పాండెంట్ గారికి కడుపునొప్పొస్తే? ముందు బాగా ఉడకబెట్టి, చల్లార్చి పట్టించు."

"ఉడకబెడితే దాన్లో ఇంకేముంటదండీ?"

"బోటనీ చెప్పేది నువ్వా, నేనా?"

ఆదెమ్మ పొయ్యి వెలిగించింది.

భవానీప్రసాద్ గారు మొదటి ముక్కను చాలాసేపు నమిలారు. రెండోదాన్ని విస్తరి అంచుకు తోశారు. మాస్టారి భార్య ప్రమీలారాణి మళ్లీ వడ్డించబోతే, "చాలమ్మా, దవడ నొప్పిగా ఉంది" అన్నారు. వెళ్తూ గుమ్మంలో ఆగి, "మీరు పాఠాలే చెప్పుకోండి మాస్టారూ. కుర్చీ సంగతి కెమిస్ట్రీ చందన గారు చూసుకుంటారు" అన్నారు.

సాయంత్రందాకా మాస్టారు మేకను, అమ్మినవాణ్ణి, ఆదెమ్మను వరసగా తిట్టాడు.

సోమవారం క్లాసులో ఎంజైముల పాఠమే వచ్చింది. "పులుపో క్షారమో మోతాదు మించితే ఎంజైము మందగిస్తుంది. చలికి నెమ్మదిస్తుంది, వెచ్చబడితే మళ్లీ పుంజుకుంటుంది. ఉడికితే మాత్రం..." అని చదువుతూ ఆగిపోయాడు. తర్వాతి మాట కళ్లముందే ఉంది.

అక్క నోట్సు ముందే బట్టీ పట్టేసిన కృష్ణప్రియ ముందు బెంచీలోంచి లేచి గడగడా అప్పజెప్పింది: "ఉడికితే రూపు చెడుతుంది. చల్లార్చినా మళ్లీ పనిచేయదు సార్!"

పన్నెండేళ్లు చెప్పిన పాఠం ఆయనకు అప్పుడు అర్థమైంది. "రాసుకోండి" అని, తానూ కలం తీసి ఆ వాక్యం కింద గీత గీసుకున్నాడు.