పది నల్ల గోళ్లు

మధురవాడలో మా అపార్ట్‌మెంటుకు ఫిషింగ్ హార్బర్ నుంచి చేపలు తెచ్చే ఒకావిడ ఉండేది. అందరం పిన్ని అనేవాళ్లం. చేపలు తూచి ఇచ్చేటప్పుడు కూడా కుడి బొటనవేలిని పిడికిట్లోనే దాచుకునేది. ఎందుకో అడగాలని ఉన్నా నేనెప్పుడూ అడగలేదు.

ఒక ఆదివారం, జీవితంలో మొదటిసారి మెరుపు లేని నల్ల నెయిల్ పాలిష్ వేసుకుని చేపల కోసం కిందికి దిగాను. పిన్ని తూచడం ఆపేసి నా చేతుల వైపు చూసింది.

"ఏటి పాపా, పది గోళ్లూ నలిగిపోనాయేటి?"

"లేదు పిన్నీ, రంగు. కావాలనే వేసుకున్నాను."

"కావాలనా?"

పిన్ని పిడికిలి విప్పింది. బొటనవేలి గోరు బొగ్గులా నల్లగా ఉంది.

"ఐసు దిమ్మ పడిపోనాది. మల్లీ మొలిసినా ఇలాగే వచ్చింది. కొనీవోలు దీన్ని సూసి, సేప ముట్టుకోవద్దంతారు." నా గోళ్ల వైపు మళ్లీ చూసి, "మిగతా తొమ్మిదిటికీ ఏత్తావేటి?" అంది.

నేను పైకెళ్లి రంగు సీసా తెచ్చేలోగా సబ్బుతో చేతులు కడుక్కొచ్చి మెట్ల మీద కూర్చుంది. నేను రంగు వేస్తున్నంతసేపూ ఊపిరి బిగబట్టింది. ఆరాక ఒక్కో గోరునీ పెదవికి ఆనించి చూసుకుంది.

తర్వాత వాచ్‌మన్ భార్య ముందు రెండు చేతులూ చాపి, "ఇందులో నలిగిందేదో సెప్పు" అంది. ఆమె వేళ్లన్నీ తడిమి తడిమి, చివరికి ఎడమ చిటికెన వేలు పట్టుకుంది.

పిన్ని కాదనలేదు. "అదే," అంది నింపాదిగా.