నా దిష్టి తాకిన చేపలు

చేపల తొట్టిలోంచి ఫిల్టర్ స్పాంజిని బయటికి తీసి పిండినప్పుడల్లా ఆ బురద వాసనకు నాకు ఇప్పటికీ కోపమొస్తుంది.

చిన్నప్పుడు మంచిర్యాలలో మా ఇంట్లో ఉన్న తొట్టికి ఒకటే ఫిల్టర్. దసరాకు ఇల్లంతా కడిగే రోజున బాపు ఆ స్పాంజిని కూడా బట్టల సబ్బుతో రుద్ది, బాగా జాడించి, తెల్లగా చేసి పెట్టాడు. పండుగ రాకముందే బంగారు చేపలన్నీ వెల్లకిలా తేలాయి.

"గీ పిల్లనే," అంది మా మేనత్త నన్ను చూపిస్తూ. "పొద్దంత గా తొట్టి ముంగటనే కూసుంటది. దీని దిష్టి తాకింది."

"నేనేం జెయ్యలే అత్తమ్మా. ఉత్తగ చూసిన."

"గట్ల చూసుడే తప్పు."

బాపు కొత్త చేపలు తెచ్చి, తొట్టికి మిరపకాయలు కట్టి, నన్ను మాత్రం ఆ గదిలోకి రానివ్వలేదు. నా కళ్లలో విషముందని నేనూ నమ్మాను. పక్కింటి పసిపాప ఊయల వైపు చూడటం మానేశాను.

చేపల మలంతో నీళ్లలో చేరే విషాన్ని విరిచేది స్పాంజికి పట్టిన జిగురులోని మంచి క్రిములేనని, సబ్బుకు అవన్నీ పోయాయని పెద్దయ్యాక తెలిసింది. కడగకుండా వదిలిన ఇంకో ఫిల్టర్ ఉంటే ఆ చేపలు బతికేవి. మిరపకాయలు గుర్తొచ్చాయి గానీ రెండో ఫిల్టర్ ఎవరికీ గుర్తు రాలేదు.

మొన్న మా ఇంటికొచ్చిన అత్తమ్మ, "గింత తొట్టికి రెండు ఫిల్టర్లెందుకే?" అంది.

"ఒకటి కడిగిననాడు ఇంకోటి కాపాడుతది అత్తమ్మా," అన్నాను.

తర్వాత ఆమె ముందే కుర్చీ లాక్కుని, అద్దానికి ముక్కు ఆనించి, కళ్లార్పకుండా చేపల్ని చూస్తూ కూర్చున్నాను.