తక్కువ అని రాసి ఉంది

మా ఇంట్లో తెలుగు మాట్లాడటానికి అందరం పులులమే. చదవడానికి నేనొక్కదాన్నే, అదీ కూడబలుక్కుని. మా దీవుల్లో, రంగత్‌లో హిందీ బడికి వెళ్ళినదాన్ని. అమ్మమ్మ నేర్పిన అక్షరాలతో, పదం తోక చూసి తల ఊహించుకుంటూ చదివేదాన్ని. అది చదువేనని ఇంటిల్లిపాదీ మురిసిపోయేవారు.

కరోనా రెండో ఏడు మా బజారులో డాక్టర్ కానివాడు లేడు. నాన్న సముద్రం మీద చేపల వేటకు వెళ్ళే మనిషి. మొదటి సూది వేయించుకుని రెండు రోజులు జ్వరంతో మూలిగాడు. రెండోదాని వేళకి వైరస్ రూపం మార్చుకుందన్న కబురొచ్చింది. ఇక టీ కొట్టు దగ్గర రోజూ రభసే. సూది వేసుకున్నవాళ్ళకే ప్రమాదం ఎక్కువని ఒకడంటే, ఎక్కువే ఎక్కువే అని పదిమంది.

"చేప మారిపోనాది భయ్యా, పాత వలేసి ఏటి లాభం?" అనేవాడు నాన్న.

మా ఎదురింటి కాంపౌండర్ గారు, రిటైరైన పెద్దాయన, ఊరుకునేవారు కాదు. "సిన్న చేపలు దూరిపోతే పోనీరా. చావనేది పెద్ద చేప. దాన్ని పాత వలైనా ఆపుతాది."

నాన్న ఎటూ తేల్చుకోలేకపోయాడు. ఆ వారమే శ్రీకాకుళం నుంచి మేనమామ మెసేజ్ పెట్టాడు. మా వాళ్ళలో చదువుకున్నవాడు ఆయనే. నాన్న ఫోన్ నా చేతికిచ్చి, "సదువు పాపా. ఆడు యేసుకోమంటే రేపే యేసుకుంతాను," అన్నాడు.

చదివాను. "రెండు డోసులూ వేసుకున్నవారికి కొత్త రకం వల్ల ప్రాణాపాయం ఎక్కువ."

"అదీ సంగతి," అని నాన్న ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. మర్నాడు ఆసుపత్రికి కాదు, సముద్రం మీదికి వెళ్ళాడు.

నెల తిరగకముందే కరోనా సోకి నాన్నకు ఊపిరి అందలేదు. పోర్ట్ బ్లెయిర్ తీసుకెళ్తుంటే, బళ్ళను దాటించే వెసెల్ కోసం ఆగినచోట, నా ఒళ్ళో తల పెట్టుకునే పోయాడు. నీళ్ళ అవతలి ఒడ్డు కనిపిస్తూనే ఉంది.

పదకొండో రోజున మేనమామ ఫోన్ చేసి ఏడ్చాడు. "చిలక్కి చెప్పినట్టు చెప్పాను, బావ వినలేదు." నాకు ఒళ్ళు మండింది. వద్దని రాసింది నువ్వే కదా అని అరిచి పెట్టేశాను. ఆ మెసేజ్ ఆయన మొహాన కొడదామనే నాన్న ఫోన్ తీసి, ఈసారి ఒక్కో అక్షరం పట్టుకుని చదివాను.

తక్కువ అని రాసి ఉంది.

ఎక్కువకీ తక్కువకీ తోక ఒకటే. తల బజారు నా చెవిలో పెట్టింది. ఈ మాట ఎన్నిసార్లు చెప్పుకున్నా నాకు ఊరట లేదు. నాన్నను చంపింది నా నోరు.

ఎవరికీ చెప్పలేదు. ఇంతలో సూదులేసే సిస్టర్ దీదీ మా ఇంటికి వచ్చింది. అమ్మ ఒక్కటి కూడా వేయించుకోలేదు. "నాకొద్దు దీదీ. మా తమ్ముడే ప్రమాదమని రాసినాడు," అంది. దీదీ సంచి సర్దుకుంటోంది. చెబితే అమ్మకు నేను కూతుర్ని కాను. చెప్పకపోతే అమ్మే ఉండదు.

ఫోన్ తీసి గట్టిగా చదివాను. "ప్రాణాపాయం తక్కువ."

"అప్పుడు ఎక్కువన్నావు."

"తప్పు సదివినానమ్మా."

అమ్మ నన్ను తిట్టలేదు, కొట్టలేదు. కొడితే బాగుండేది. దీదీ ముందు కూర్చుని, రవిక చెయ్యి తనే పైకి లాక్కుంది.

ఆ తర్వాత నేను తెలుగు పట్టుబట్టి నేర్చుకున్నాను. ఇప్పుడు ఏదిచ్చినా తప్పు లేకుండా చదువుతాను. అమ్మకు మెసేజ్ వస్తే మాత్రం, ఫోన్ పట్టుకుని కాంపౌండర్ గారింటికి వెళుతుంది.