అప్ప ఆడిన ఆఖరి పిట్టూ

మా ఇళ్ళల్లో అక్కను అప్ప అంటాం. మా తాతలు శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు నుంచి వలలు తీసుకుని ఈ దీవులకు వచ్చినప్పుడు ఆ పిలుపు కూడా వాళ్ళతో వచ్చింది. మా అప్ప నాకంటే నాలుగైదేళ్ళు పెద్దది. పోర్ట్ బ్లెయిర్ దగ్గర వండూర్‌లో మా ఇంటి వెనక ఉన్న ఖాళీ నేల మీద పిల్లలందరికీ ఆమే నాయకురాలు.

ఆ నేల ఎవరిదో మాకు తెలీదు. ఒక పక్క కొబ్బరిచెట్లు, ఇంకో పక్క మడచెట్ల మధ్య నుంచి వచ్చే ఉప్పుకాలువ. వాన వెలిసిన మర్నాటికే నీరు ఇంకిపోయి పాదాలకు చల్లగా, గట్టిగా తగిలేది. సాయంత్రమయ్యేసరికి తెలుగు పిల్లలం, బెంగాలీ పిల్లలు, రాంచీ నుంచి కూలికి వచ్చినవాళ్ళ పిల్లలు అందరం అక్కడే. మేం ఇంట్లో ఏడుపెంకులాట అనే ఆటను అక్కడ అందరూ పిట్టూ అనేవాళ్ళు. నిజానికి మాకు పెంకులే లేవు. చుట్టుపక్కల ఇళ్ళన్నీ రేకులవే. ఒడ్డున ఏరుకొచ్చిన పలకరాళ్ళను ఒకదాని మీద ఒకటి పేర్చేవాళ్ళం. బంతి కూడా కొన్నది కాదు. గుడ్డపీలికల ఉండ మీద అయ్య పారేసిన వలతాడు చుట్టి అప్పే తయారుచేసేది. అది వీపుకు తగిలితే చాలాసేపు చురచురలాడేది.

బంతితో రాళ్ళను పడగొట్టిన జట్టు, అవతలి జట్టు అదే బంతితో తమను కొట్టేలోపు వాటిని మళ్ళీ పేర్చి "పిట్టూ" అని అరవాలి. అప్ప పేర్చేటప్పుడు రాళ్ళ వైపు చూసేది కాదు. బంతి ఎవరి చేతిలో ఉందో చూస్తూ చేతులతో తడిమి పేర్చేసేది. అవతలి వాళ్ళు బంతి విసిరితే నడుము ఒక్కటే పక్కకు తిప్పేది. బంతి కొబ్బరిచెట్లలోకి పోయేది. ఆమె జట్టులో పడాలని మేం గొడవపడేవాళ్ళం.

ఒక వేసవి సెలవుల్లో అప్ప పెద్దమనిషైంది. ఇంట్లో చాపేసి కూర్చోబెట్టారు, చిమ్మిలి పంచారు. అవన్నీ అయ్యాక అప్ప ఎప్పటిలాగే వెనక తలుపు తీసి మెట్లు దిగబోయింది. అమ్మ జబ్బ పట్టుకుని ఆపింది.

"ఏటే, ఎక్కడికి?"

"ఆటకి."

"ఇంకేటి ఆట? గుంటడివా నువ్వు? ఈ మెట్టు దిగితే కాళ్ళిరగ్గొడతాను."

ఆ రోజు నుంచి వెనక మెట్ల మీద కూర్చుని ఎండు నెత్తళ్ళు బాగుచేసే పని ఆమెకు పడింది. మొదట్లో మా తగువులన్నీ మెట్ల దగ్గరికే తీసుకెళ్ళేవాళ్ళం. బంతి తగిలిందా లేదా అని అడిగితే అక్కడి నుంచే తీర్పు చెప్పేది. పోను పోను తల ఎత్తడం మానేసింది. అడిగితే "నేను సూడలేదురా" అనేది.

ఆ ఏడాది వానలు వెనకబట్టాక ఒక సాయంత్రం మా జట్టు ఓడిపోతోంది. అందరూ అవుటై నేనొక్కడినే మిగిలాను. అందరికంటే చిన్నవాణ్ణి. సగం రాళ్ళు పేర్చాను, మిగతావి చెల్లాచెదురుగా ఉన్నాయి. అవతలి జట్టు నాయకుడు ఒక బెంగాలీ కుర్రాడు. వాడి గురి గట్టిది. బంతి వాడి చేతిలో ఉంది. నేను కదలలేక రాళ్ళ దగ్గరే ముడుచుకుని కూర్చున్నాను.

మెట్ల మీద చేట పడిన చప్పుడైంది. చూస్తే అప్ప లంగా ఎగదోపుకుని పరుగెత్తుకొస్తోంది. మా మధ్యలోకి దూరి, నన్ను భుజంతో పక్కకు నెట్టి, రాళ్ళ ముందు మోకాళ్ళ మీద కూలబడింది. ఆ కుర్రాడు విసిరాడు. అప్ప నడుము తిప్పింది. బంతి తెచ్చుకుని మళ్ళీ విసిరాడు. ఈసారి ఆమె తల వంచింది, జడ మాత్రం గాల్లోకి లేచింది. చివరి రాయి పెట్టి లేచి నిలబడి "పిట్టూ" అంది. అరవలేదు. మామూలుగా అంది.

"దీదీ, తుమ్ తో టీమ్ మే నహీ హో," అన్నాడు వాడు, జట్టులో లేనిదానివి ఎలా ఆడతావని.

"అయితే రాళ్ళు పడగొట్టీ, మళ్ళీ ఆడదాం," అంది అప్ప. నవ్వుతోంది. నెత్తళ్ళ పొలుసులు ముంజేతుల మీద మెరుస్తున్నాయి.

మళ్ళీ ఆడలేదు. అమ్మ కుళాయి దగ్గర నుంచి బిందెతో వస్తూ చూసింది. బిందె దించి, అప్ప చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. తలుపు వేసింది. మేం బయట నిలబడి దెబ్బల చప్పుడు విన్నాం. అప్ప ఏడ్చిన చప్పుడు మాత్రం వినిపించలేదు.

అయ్య చేపల వేట నుంచి వచ్చాక అమ్మ చెప్పింది. "మీ సెల్లెలింటికి పంపీ దీన్ని. ఇక్కడుంటే రేపు నలుగురూ నాలుగు మాటలంతారు." అయ్య బీడీ ఆర్పి సరేనన్నాడు. హోప్ టౌన్‌లో మా అత్తకు చేపలు ఎండబెట్టే పని ఉండేది, చంటిపిల్లలుండేవాళ్ళు. అప్ప బడి మానేసి ఆ ఇంటికి పోయింది. పెళ్ళి కూడా అక్కడి నుంచే అయింది. మా ఇంట్లో మళ్ళీ కాపురం ఉన్నది లేదు.

నేను మాత్రం పదో తరగతి దాకా ఆ నేల మీద ఆడుతూనే ఉన్నాను.

తర్వాత పడవల ఇంజన్లు బాగుచేసే పని నేర్చుకుని పోర్ట్ బ్లెయిర్‌లో స్థిరపడ్డాను. సునామీ వచ్చిన ఉదయం అమ్మా అయ్యా గుట్ట మీదికి పరుగెత్తి బతికారు. ఇల్లు పోయింది. నేల కూడా పోయిందని కొన్ని రోజులకు గానీ మాకు అర్థం కాలేదు. అల వెనక్కి పోయింది గానీ ఆ నేల కుంగిపోయింది. పోటు వచ్చినప్పుడల్లా సముద్రం లోపలికి వచ్చి కూర్చునేది. ఉప్పు తగిలి కొబ్బరిచెట్లు నిలబడే చచ్చిపోయాయి. ఆ బెంగాలీ కుర్రాడు అప్పట్లో నికోబార్‌లో ఇళ్ళు కట్టే పనిలో ఉన్నాడు. వాడి కబురు మళ్ళీ రాలేదు. వాళ్ళమ్మ చాలాకాలం జెట్టీకి వెళ్ళి ప్రతి ఓడా చూసేది.

అమ్మ పోయింది మొన్నటి ఏడాది. నెలమాసికం అయ్యాక అప్ప, "తమ్ముడూ, ఒక్కసారి వండూర్ తీసికెల్తావా?" అని అడిగింది. బస్సులో వెళ్ళాం. జెట్టీ దగ్గర టూరిస్టులు లైఫ్ జాకెట్లు వేసుకుని పడవ కోసం నిలబడ్డారు. ఒడ్డున మొసళ్ళున్నాయని బోర్డు. మా ఇల్లు ఉన్న వైపు దారి సగంలోనే నీళ్ళలోకి దిగిపోయింది. పోటు సమయం. మోడుల మధ్య మురికి రంగు నీళ్ళు కదలకుండా ఉన్నాయి.

"మెట్లు అక్కడుండేవి," అని చూపించాను. ఆ సాయంత్రం గురించి చెప్పాను. చేట పడిన చప్పుడు, ఆమె నడుము తిప్పడం, పిట్టూ అన్న తీరు, అంతా. ఇన్నేళ్ళలో ఆ సంగతి ఎప్పుడూ ఆమెతో మాట్లాడలేదు.

అప్ప ఓపిగ్గా వింది. "నాకది గుర్తులేదు తమ్ముడూ," అంది.

"అమ్మ కొట్టింది కదా?"

"అమ్మ సానాసార్లు కొట్టింది. ఏ దెబ్బ ఎందుకో నాకేటి తెలుసు?" కొంగుతో ముఖం తుడుచుకుంది. "నాకు గుర్తున్నది హోప్ టౌన్‌లో అత్తోళ్ళిల్లు. సాయంత్రం అయితే వీధిలో పిల్లగుంటలు ఆడతా అరిసేవోళ్ళు. నేను సేపలన్నీ పెరటేపు మోసుకుపోయి ఆడ కూసునేదాన్ని. ఆడికైతే ఇనిపించదని. అత్త తిట్టేది, పెరట్లో ఎండ రాదు, సేపలు పాడవుతాయని. బస్, అంతే, అదే గుర్తు."

ఆటలో నా పక్కనున్న వాళ్ళలో కొందరు చెన్నైలో, కొందరు వైజాగ్‌లో ఎక్కడెక్కడో ఉన్నారు. బంతి విసిరినవాడు లేడు. చూసిన అమ్మా లేదు. ఆడిన మనిషికే గుర్తులేదు. అది నిజంగా జరిగిందని చెప్పడానికి ఇక్కడ నేనొక్కడినే మిగిలానని తెలిసి, ఆ నీళ్ళ ముందు నిలబడటానికి భయమేసింది.

తిరుగు బస్సులో అప్ప కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. ఫీనిక్స్ బే రేవులో ఆమెను వాళ్ళ ఊరి ఫెర్రీ ఎక్కించి ఇంటికి వచ్చాను. మూడో అంతస్తు. నా కూతురు మంచం మీద బోర్లా పడుకుని ఫోన్ చూస్తోంది. దానికి పదకొండేళ్ళు.

"కిందికెళ్ళి ఏదైనా ఆడదాం రా," అన్నాను.

అది వింతగా చూసింది. "కింద ఎవరున్నారు నాన్నా?"

అయినా చెప్పులేసుకుని నాతో వచ్చింది. కింద కార్లూ స్కూటర్లూ గోడ దాకా ఆపి ఉన్నాయి. వాచ్‌మన్ భయ్యా మాకు ఏదో పని ఉందనుకుని కుర్చీలోంచి లేచాడు. నాకు ఏ ఆట మొదలుపెట్టాలో తోచలేదు. ఇద్దరమే ఆడే ఆటలు నేనెప్పుడూ నేర్చుకోలేదు. కాసేపు గేటు దగ్గర నిలబడ్డాం. రోడ్డు మీద నీళ్ళ ట్యాంకర్ వెళ్ళింది.

"పైకి వెళ్దామా?" అంది నా కూతురు, నొప్పించకుండా.

వెళ్దామన్నాను.